చెకింగ్ వచ్చింది

తలుపు తీసిన కుర్రాడికి మోచేతుల దాకా సబ్బు నురగ. ఒక చేతిలో రేజరు, భుజం మీద తడి టవలు. ముఖంలో మాత్రం "ఇప్పుడే రావాలా?" అన్న విసుగు.

"హోమ్ కేర్ ఆఫీసు నుంచి వచ్చాను. క్వాలిటీ చెకింగ్," అంది ఆమె, మెడలోని కార్డు చూపిస్తూ.

"ముందు ఒక ఫోనైనా చెయ్యరా మేడమ్?"

"చెప్పి వస్తే దాన్ని చెకింగ్ అనరు. చుట్టపుచూపు అంటారు."

"చుట్టాలైతే పళ్ళైనా తెచ్చేవారు," అని గొణుగుతూ పక్కకు తప్పుకున్నాడు.

గొణిగింది ఆమెకు వినబడింది. వినబడాలనే గొణిగాడు లెండి.

వృద్ధుల్నీ రోగుల్నీ ఇంట్లోనే ఉంచి చూసుకునే కుటుంబాలకు ఆ ఆఫీసు హెల్పర్లను పంపుతుంది. ఆ హెల్పర్లు నిజంగా చూసుకుంటున్నారా, చూసుకుంటున్నట్టు కనబడుతున్నారా అన్నది కనిపెట్టడం ఆమె ఉద్యోగం. మాటకారి హెల్పర్లంటే ఆమెకు మొదట్నుంచీ అనుమానం. నోటితో తేనె ఒలకబోస్తూ, మంచం మీద తడి దుప్పటి మార్చని మహానుభావుల్ని చాలామందిని చూసింది. ఈ కుర్రాడు మాటకారి. పైగా చూడటానికి బాగున్నాడు. అంటే అనుమానం రెట్టింపు చెయ్యాలన్నమాట.

కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. గడ్డం సగం నురగలో, సగం నున్నగా. ఆమె మెడలోని కార్డు చూడగానే ఆయన నడుం నిటారుగా అయింది. ఎడమచెయ్యి గబగబా జేబు తడుముకుంది. కుడిచెయ్యి ఒళ్ళో కదలకుండా పడి ఉంది.

"కంగారు పడకు తాతా, టికెట్లు చూడటానికి రాలేదు. నన్ను చూడటానికొచ్చింది," అన్నాడు కుర్రాడు. అన్నాక ఆ మాటకు రెండో అర్థం తట్టి చెవులు ఎర్రబడ్డాయి. "అంటే, నా పని చూడటానికి. తాతగారు బస్సు కండక్టరుగా చేశారు మేడమ్. సర్వీసంతా చెకింగ్ వాళ్ళంటే హడలే. వీధిలో అందరికీ కండక్టర్ తాతగారు. కుర్చీ తోస్తాను కాబట్టి నేను డ్రైవర్ని. ఇక మీరు చెకింగమ్మ."

"నా పేరు కార్డు మీద ఉంది."

"కార్డు పేర్లు మా బస్సులో చెల్లవు."

నవ్వు వచ్చింది. మింగేసింది. "నేను తాతగారితో ఒంటరిగా మాట్లాడాలి. మీరు బయటికి వెళ్ళండి."

"నేను లేకపోతే ఆయన మాట మీకు అర్థం కాదు."

"ఈ ముక్క నాకు ప్రతి ఇంట్లోనూ చెప్తారు."

"సరే. గడ్డం సగంలో వదిలేసి పొమ్మంటారా? చెకింగ్ ముందు ఆయన పరువేం కాను?"

ఆగింది. రేజరు ఆడిస్తూ అతను తాతగారి చుబుకం కింద వేలు పెట్టి ముఖం ఎత్తి పట్టుకున్నాడు. తనకు తెలియకుండానే తన నాలుక కొస బయటపెట్టాడు, చిన్నపిల్లలు బొమ్మ గీసేటప్పుడు పెట్టినట్టు. గడ్డం గీసే తీరుకు ఆమె దగ్గర మార్కులు లేవు. ఉంటే ఇచ్చేసేదే.

అతను బయటికి వెళ్ళాక ఆమె తాతగారి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"భోజనం వేళకు పెడుతున్నారా తాతగారూ?"

"రైట్," అన్నాడాయన, బస్సు కదిలించే దర్పంతో.

"స్నానం?"

"రైట్ రైట్."

పక్షవాతం వచ్చి మాట దెబ్బతిందని కాగితాల్లో రాసి ఉంది. ఇంత చక్కగా జవాబులు చెప్తుంటే దెబ్బతినడమేమిటి అనుకుంది ఆమె.

"ఎవరైనా మీకు నొప్పి కలిగిస్తున్నారా?"

తాతగారి ఎడమచెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. "రైట్! రైట్!" కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆమె ముందుకు వంగింది. "ఎవరు? ఈ అబ్బాయేనా?"

"రైట్."

కుడిచేతి చొక్కా పైకి జరిపి చూసింది. చంక దగ్గర, లోపలివైపు, కమిలి నల్లబడిన మచ్చలు. వేళ్ళు పడ్డ ఆనవాళ్ళు.

ఆమె తలుపు తీసి అతన్ని పిలిచింది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "ఈ మచ్చలు మీకు తెలుసా?"

అతని ముఖంలోంచి నవ్వు జారిపోయింది. "తెలుసు. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. కాస్త తగిలినా కములుతుందని డాక్టరే అన్నాడు. మంచం ఊచకు తగిలుంటుంది."

"ఆఫీసుకు ఎందుకు చెప్పలేదు?"

అతను టవలు అంచు మెలిపెట్టాడు.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నన్ను తీసేస్తారని," అన్నాడు నేలచూపులు చూస్తూ.

"నొప్పి పెట్టేది మీరేనని తాతగారు చెప్పారు."

"చెప్పారా?" అతను తెల్లబోయాడు. తర్వాత కోపంగా నవ్వాడు. "తాతా, నువ్వు ఏనుగువా?"

"రైట్ రైట్," అన్నాడు తాతగారు.

"నీకు తోక ఉందా?"

"రైట్."

సరిగ్గా అప్పుడే, మందుల షాపులో పని ముగించుకుని తాతగారి కూతురు గుమ్మంలోకి వచ్చింది. సంగతి విని సంచీ కింద పడేసింది. "మా నాన్నకు మిగిలింది ఆ ఒక్క మాటేనమ్మా! అవునన్నా అదే, కాదన్నా అదే. ఆకలేసినా అదే, ఏడుపొచ్చినా అదే. అది పట్టుకుని వీడి మీద నేరం మోపుతావా?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. కాదు అని జవాబు రావలసిన ప్రశ్న ఒక్కటైనా అడగాలన్న ఇంగితం లేకపోయింది. అయినా మచ్చలు మచ్చలే. దాచిపెట్టడం దాచిపెట్టడమే. మరి ఆ కన్నీళ్ళో?

ఇంకో సంగతి ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఆ కుర్రాడు తప్పు చెయ్యలేదని నమ్మాలని ఆమె మనసు తెగ ఉబలాటపడుతోంది. అలా ఉబలాటపడే మనసుతో ఎవరికీ మార్కులు వెయ్యకూడదు.

"విచారణ అయ్యేదాకా ఈయన ఈ ఇంట్లోకి రాకూడదు. రేపట్నుంచి వేరే హెల్పర్ వస్తారు," అంది.

అతను టవలు మడిచి కుర్చీ వీపు మీద వేశాడు. తాతగారి ముందు వంగి, "డ్యూటీ మారింది తాతా. కొత్త డ్రైవరు వస్తాడు, సతాయించకు," అన్నాడు. ఆమె వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు.

కొత్త హెల్పర్‌లో వంక పెట్టడానికి లేదు. వేళ తప్పడు, మాస్కు తియ్యడు, గొంతు పెంచడు. తాతగారే మారిపోయాడు. ముద్ద నోటి దగ్గరికి వస్తే పెదాలు బిగించేస్తున్నాడు. నీళ్ళు మాత్రం చెంచాతో కాస్త పడుతున్నాయి. అంతకంటే ఘోరం, ఇంట్లో ఆ ఒక్క మాట కూడా వినబడటం మానేసింది.

చెకింగమ్మ రోజూ ఏదో వంకతో వెళ్ళి చూస్తూనే ఉంది. "ఎలా ఉన్నారు తాతగారూ?" అంటే ఆయన కిటికీలోంచి బయటికి చూస్తాడు. అంతే.

"డాక్టరొచ్చి వెళ్ళాడు," అంది కూతురు, తలుపుకు ఆనుకుని. కోపం కూడా అలిసిపోయింది ఆవిడలో. "రేపటికీ ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వెయ్యాలట. ఇంట్లో ఉంచుకోవాలని ఇన్నాళ్ళూ ఎంత యాతన పడ్డానో నీకేం తెలుసు? నువ్వు మంచికే చేసుంటావులే. కానీ మా నాన్న నా చేతుల్లోంచి పోతున్నాడమ్మా."

చెకింగమ్మ తల తిప్పింది. తాతగారు చూస్తున్న వైపే తనూ చూసింది. బయట వాన మొదలైంది. రోడ్డుకు అవతల బస్టాపు రేకు అంచున తడుస్తూ, జేబుల్లో చేతులు పెట్టుకుని, ఈ కిటికీ వైపే చూస్తూ డ్రైవరు నిలబడి ఉన్నాడు.

గొడుగు తీసుకోవడం మర్చిపోయి రోడ్డు దాటింది.

"ఇక్కడ నిలబడటం రూల్సుకు విరుద్ధం," అంది రొప్పుతూ.

"ఎందుకు, బస్టాపు మీ ఆఫీసువాళ్ళు కొన్నారా?"

"రోజూ వస్తున్నారా?"

"బస్సు కోసం వస్తున్నాను."

"ఏ బస్సు?"

"ఇంకా రాలేదు," అన్నాడు. మరుక్షణమే గొంతు మారింది. "తింటున్నారా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. రేపటి సంగతి చెప్పింది. అతను గుక్క తిప్పుకోవడానికన్నట్టు అటు తిరిగాడు. జుట్టులోంచి నీళ్ళు మెడ మీదికి కారుతున్నాయి. తుడిస్తే బాగుండునని ఆమెకు అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు తనను తానే తిట్టుకుంది.

"నన్ను లోపలికి పంపండి. ఒక్క పూట. తర్వాత జైల్లో పెట్టించండి."

"ఆ మచ్చలు ఎలా పడ్డాయో తెలియకుండా పంపలేను. మంచం ఊచ చూశాను. అది అంత ఎత్తులో లేదు." ఆమె బెంచీ మీద కూర్చుంది. కుడిచెయ్యి ఒళ్ళోకి వదిలేసింది. "నేను కండక్టర్ తాతగారిని. మంచం మీద నుంచి నన్ను రోజూ ఎలా లేపుతారో అలాగే లేపండి."

"ఇక్కడా? నలుగురూ చూస్తున్నారు!"

"చూడనివ్వండి."

"తాతగారు మీకంటే బరువు. అంటే, మీరు బరువు లేరని కాదు..."

"బరువు సంగతి మీకు అనవసరం. లేపండి."

అతను వంగాడు. వాన వాసన, చవక సబ్బు వాసన. ఇంత దగ్గర నుంచి చూస్తే అతని కనురెప్పల మీద నీటి చుక్కలు కూడా కనబడుతున్నాయి. ఆమె గుండె బస్టాపు రేకు మీద వానలాగే దడదడలాడింది. అతని ఎడమచెయ్యి ఆమె వీపు వెనక్కి వెళ్ళింది. రెండోది ఆమె కుడిచంక కిందికి దూరి, జబ్బను గట్టిగా పట్టుకుని పైకి లాగింది.

"అబ్బా!"

ఆ కేకకు బస్టాపంతా తిరిగి చూసింది. "ఏయ్ అబ్బాయ్, వదులు ఆ పిల్లని!" అని ఒక పెద్దావిడ గొడుగు ఎత్తింది.

"ఏం లేదు పిన్నిగారూ, నేర్చుకుంటున్నాం," అంది ఆమె, కళ్ళలో నీళ్ళతో.

భుజం కీలు ఊడినంత పనైంది. వేళ్ళు నొక్కుకున్న చోటు మండుతోంది. చంక దగ్గర, లోపలివైపు. ఇద్దరూ ఆ చోటునే చూస్తున్నారు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

"నేనే," అన్నాడు అతను.

ఆమె జబ్బను రుద్దుకుంది.

"నేనే చేశాను. రోజూ పొద్దున్నే. లేపినప్పుడల్లా రైట్ రైట్ అని అరిచేవారు. హుషారుగా ఉన్నారనుకుని నేను నోటితో బస్సు హారన్ కొట్టేవాణ్ణి. ఆయన్ని నవ్వించడానికి." బెంచీ మీద కూలబడ్డాడు. "ఏడుస్తుంటే హారన్ కొట్టాను."

"మీకెవరూ నేర్పలేదా? పడిపోయిన చేతిని పట్టుకుని లేపకూడదు. కీలు వదులైపోయి ఉంటుంది. నడుము దగ్గర పట్టుకోవాలి."

"చేరిన రోజు కుర్చీ ఎలా మడవాలో చూపించారు. చేతులు ఎలా కడుక్కోవాలో చూపించారు. మనిషిని ఎలా లేపాలో ఎవరూ చూపించలేదు."

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. పడిపోయిన చేతిని లాగకూడదని ఆమెకు తెలుసు. కంఠతా వచ్చు. హెల్పర్లు చిరునవ్వుతో ఉన్నారా, గోళ్ళు కత్తిరించుకున్నారా అని ఇంటింటికీ వెళ్ళి చూసింది గానీ, ఒక్కరినైనా "లేపి చూపించు" అని అడిగిన పాపాన పోలేదు.

"మీరు నన్ను ఆపడమే కరెక్టు," అన్నాడు అతను. "ఇక ఆ ఇంటికి రాను. ఆయన్ని ముట్టుకోలేను."

"రావాలి."

"ప్రేమగా చూసుకుంటున్నానని ఊరంతా చెప్పుకున్నాను మేడమ్!"

"చూసుకున్నారు. నొప్పీ పెట్టారు. రెండూ నిజమే. ఇప్పుడు మీరు పారిపోతే ఆయనకు గొట్టం వేస్తారు. అప్పుడు ఏ నిజంతోనూ పనుండదు."

అతను ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఆమె ఫోను తీసి తన పైఅధికారికి చేసింది. వాన హోరులో వినబడక స్పీకరు పెట్టింది.

"సార్, అతను కొట్టలేదు. లేపడం తెలియక కమిలింది. తప్పు అతనిదొక్కడిదే కాదు, నేర్పని మనది కూడా. రేపు పొద్దున్నే ఫిజియోథెరపిస్టును ఆ ఇంటికి పంపండి. ఆవిడ దగ్గరుండి నేర్పితే అతను మళ్ళీ చెయ్యగలడు."

"నువ్వే ఆపించావు, నువ్వే రానివ్వమంటున్నావు," అంది ఫోను. "ఏమ్మాయ్, ఆ కుర్రాడి మీద నీకేమన్నా మనసైందా?"

మామూలుగా అయితే ఆ మాటకు భగ్గున మండేది. ఆ క్షణంలో ఆమెకు అబద్ధమాడే ఓపిక లేదు.

"అయింది సార్."

బెంచీ మీద వేళ్ళ సందుల్లోంచి రెండు కళ్ళు ఆమెనే చూస్తున్నాయి.

"అందుకే ఈ కేసు నాకు వద్దు. రేపు అతను సరిగ్గా లేపాడో లేదో ఫిజియో చెప్తుంది. నేను చెప్పను. చెప్పే అర్హత నాకు లేదు."

ఫోను పెట్టేసి చూస్తే ఎదురుగా బస్సు వచ్చి ఆగి ఉంది. అది ఎటు పోతుందో కూడా చూడకుండా ఎక్కేసింది.

మర్నాడు పొద్దున ఫిజియో తాతగారి నడుముకు వెడల్పాటి పట్టీ కట్టింది. ఎక్కడ నిలబడాలో, మోకాళ్ళు ఎలా వంచాలో, ఆ పట్టీని ఎలా పట్టుకోవాలో చూపించింది. తాతగారి చూపు మాత్రం గుమ్మంలోంచి లోపలికి రాకుండా తచ్చాడుతున్న డ్రైవరు మీదే ఉంది. చెకింగమ్మ వరండాలోనే ఆగిపోయింది. కేసు తనది కాదు కదా. కాళ్ళు మాత్రం ఆఫీసుకు పోనంటే ఆమె ఏం చేస్తుంది?

డ్రైవరు వెళ్ళి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "తాతా, నీ చెయ్యి విరగ్గొట్టినంత పని చేశాను. తెలియక చేశాను. నువ్వు చెప్తూనే ఉన్నావు, నాకే అర్థం కాలేదు."

కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"లేపు," అంది ఫిజియో.

డ్రైవరు లేచాడు. మోకాళ్ళు వంచాడు, ఎడమచేత్తో పట్టీ పట్టుకున్నాడు. కుడిచెయ్యి మాత్రం, ఇన్నాళ్ళ అలవాటు కొద్దీ, దానంతటదే తాతగారి చంక వైపు జారింది.

"హోల్డాన్!"

గది దద్దరిల్లింది. నిండా జనమున్న బస్సును నడిరోడ్డు మీద ఆపించే కండక్టరు కేక అది. డ్రైవరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఫిజియో కూడా అడుగు వెనక్కి వేసింది.

"నాన్నా?" అంది కూతురు. "ఏమన్నావు నాన్నా?"

"హోల్డాన్," అన్నాడు తాతగారు మళ్ళీ, ఎడమచేత్తో తన కుడిజబ్బను కప్పుకుని. ఇన్నాళ్ళూ దేనికైనా రైట్ తప్ప ఇంకో మాట లేని మనిషికి, వద్దు అనే మాట తిరిగొచ్చింది.

కూతురు నవ్విందో ఏడ్చిందో ఆవిడకే తెలియదు. డ్రైవరు మాత్రం బాహాటంగానే ఏడ్చాడు. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని, రెండు చేతులూ పట్టీ మీద వేసి, తాతగారి కళ్ళలోకి చూస్తూ, "ఇప్పుడు?" అని అడిగాడు.

తాతగారు ఆలోచించాడు. తొందరేమీ లేనట్టు తీరిగ్గా ఆలోచించాడు. తర్వాత తల కిందికి ఊపి ఒప్పుకున్నాడు. కుర్చీలోకి మారి కూర్చుని, కూతురు కలిపి పెట్టిన ముద్ద కోసం నోరు తెరిచాడు. ఇంకో ముద్దకు తెరిచాడు. ఆ తర్వాతి ముద్దకు "హోల్డాన్" అని, నీళ్ళ గ్లాసు చూపించాడు.

ఆసుపత్రికి ఫోను చేసి రావడం లేదని చెప్పడానికి కూతురు పక్కగదిలోకి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ వరండా వైపు తల తిప్పి, "ఏయ్ చెకింగమ్మా, బయట నిలబడితే చెకింగ్ ఎలా అవుతుంది? లోపలికొచ్చి ఓ ముద్ద తిని పో," అంది.

ఆమె కదలకముందే డ్రైవరు వరండాలోకి వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు వెనక్కి కట్టుకున్నాడు.

"కేసు మీది కాదు కదా ఇప్పుడు?"

"కాదు."

"అయితే నేను మాట్లాడితే అది లంచం కిందికి రాదు కదా?"

"ఏం మాట్లాడతారో చూడాలి."

"నిన్న ఫోన్లో మీరు అన్నది... ఆ బస్సు వెళ్ళిపోయాక వానలో చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ పెద్దావిడ జాలిపడి గొడుగు పట్టింది." గొంతు సవరించుకున్నాడు. "నాకూ ఉంది మేడమ్. తలుపు తీసినప్పటి నుంచీ ఉంది. చుట్టపుచూపు అన్నారు చూడండి, అప్పట్నుంచి. కానీ భయంగా ఉంది."

"దేనికి?"

"తాతగారి మీద నాకు ఎంత ప్రేమో మీరు చూశారు. అంత ప్రేమతోనే రోజూ నొప్పి పెట్టాను. రేపు మీకూ అలాగే చేస్తే? తెలియకుండానే?"

వేళాకోళం కాదది. నిజంగానే జవాబు కోసం చూస్తున్నాడు. ఆమెకు ఒక్కసారిగా కడుపులోంచి ప్రేమ పొంగుకొచ్చింది. వెనక్కి కట్టుకున్న అతని చేతులు విడదీసి, రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"చేస్తావు," అంది. ఎప్పుడు 'నువ్వు'లోకి దిగిందో ఆమెకే తెలియదు. "నేనూ చేస్తాను. నొప్పి పుట్టినప్పుడు చెప్తాను. నువ్వు ఆగి వింటావా?"

"వింటాను."

"అయితే ఇక భయం దేనికి?"

అతను ఆ చేతులను ఇంకొంచెం బిగించబోయి, సగంలో ఆగి అడిగాడు. "గట్టిగా పట్టుకున్నానా?"

"లేదు," అంది ఆమె. "ఇంకాస్త పట్టుకోవచ్చు."